బట్టమేకను చూసిన అమావాస్య

కర్నూలు రాజధాని అయిన ఏడాది, కార్తీక అమావాస్యకు ఓబులేసు చేతిలో ఉన్నవి ఒక సైకిలు, ఒక సెలవు రోజు, భార్యకిచ్చిన ఒక మాట. మొదటి రెండూ గట్టివే. మాట మీదే ఆయనకు అనుమానం.

కల్లూరులో ఆయనది వేరుశనగ బుడ్డల కొట్టు. అమావాస్యనాడు హమాలీలు రారు, తూకాలుండవు. అయినా ఆయన బేరాలు మానక, పెళ్లయినప్పటినుంచి ఒక్క అమావాస్య కూడా భార్య రామసుబ్బమ్మకు పూర్తిగా దక్కలేదు. ఆమె విసిగిపోయి తేల్చి చెప్పింది.

"పొద్దు గూకేదాకా నీ నోట్లో బుడ్డల బేరం రాకూడదు. వస్తే రేపే మా అమ్మోళ్లింటికి పోతా. ఉగాది దాకా రాను."

"రాదులేవే. సైకిల్లో పోయి బట్టమేకను సూద్దాం. ఆపైన పుట్టి ఎక్కి ఏట్లో తిరుగుదాం."

"మేకను సూడను అంత దూరం పోవల్లా?"

"మేక కాదు, పిట్ట. పేరే అట్ల."

"పిట్టకు మేకని పేరు పెట్టినోడు నీ మాదిరి యాపారే అయ్యుంటాడు."

ఓబులేసు ఆ రోజును సరుకు సర్దినట్టు సర్దాడు. చల్లపొద్దున సైకిలు, ఎండ ముదరకముందే పిట్ట, జొన్నరొట్టెలు తిన్నాక నీళ్లు. తుంగభద్ర ఒడ్డు దారిలో ఆమె రొట్టెల మూట ఒళ్లో పెట్టుకుని క్యారియరు మీద కూర్చుంది. ఎదురుగాలి తగిలింది.

"దిగల్నా?"

"నువ్వు దిగితే ఎవరికోసం తొక్కల్ల నేను?" అన్నాడు ఆయాసం దాచుకుంటూ.

గడ్డిబీడులో ఒక కంపచెట్టు చాటున చాలాసేపు కూర్చున్నారు. చివరికి గడ్డిలోంచి తెల్లటి మెడ లేచింది. నెత్తిన నల్లటి టోపీ, మేకంత ఎత్తు, పెళ్లిపెద్ద నడక. రామసుబ్బమ్మ ఊపిరి బిగబట్టింది.

అప్పుడే వెనకనుంచి పక్క చేని గిడ్డయ్య వంగి వచ్చి చేరాడు. ఓబులేసుకు పాత ఖాతా రైతు. ఓబులేసు పెదవుల మీద వేలు పెట్టాడు. గిడ్డయ్య తలూపాడు. భుజం మీది తువ్వాలు తీసి ఓబులేసు చేతి మీద కప్పి, కింద తన చెయ్యి దూర్చాడు. సంతలో పక్కవాళ్లకు తెలియకుండా వేళ్లు పట్టి ధర చెప్పుకునే పద్ధతి అది.

ధర మంచిది. తిరిగి ఒక్కసారి వేళ్లు నొక్కితే పంటంతా తనది. నోట్లో రాకూడదంది గాని ఆమె వేళ్ల మాట ఎత్తలేదు కదా అనుకున్నాడు ఓబులేసు. అనుకుంటూ ఆమెవైపు చూశాడు. ముఖం మీద ఎండ పడుతున్నా ఆమె కన్ను తిప్పలేదు. చిన్నపిల్లలా నవ్వుతోంది, చప్పుడు లేకుండా.

ఓబులేసు చెయ్యి లాగేసుకున్నాడు. తువ్వాలు తీసి ఆమె తలమీద కప్పాడు. గుడ్డ తొలగిందంటే బేరం లేనట్టే. గిడ్డయ్య వచ్చిన దారినే పోయాడు.

మధ్యాహ్నం ఏటి దగ్గర ఆమె పుట్టివాడిని ఒడ్డునే ఉండమని తెడ్డు తనే తీసుకుంది. ఏటి పక్క ఊళ్లో పెరిగిన మనిషి. గుండ్రటి తట్టలాంటి ఆ పుట్టి గిరగిరా తిరుగుతుంటే ఓబులేసు రెండు చేతులా అంచు పట్టుకున్నాడు.

"గిడ్డయ్య ఎంత చెప్పినాడు?" అందామె.

ఆయన అంచు మీద పట్టు బిగించాడు. "సూసినావా?"

"నా మొగుని చెయ్యి యాడుండాదో నాకు తెలీదా?"

"తీసేసినా గదే."

"తీసినావు కాబట్టే ఒడ్డు తట్టుకు తెడ్డేస్తాండా."

"రేపు మీ అమ్మోళ్లింటికి పోతావా?"

"నేను పోతే వచ్చే అమావాస్యకు నిన్ను ఏట్లో ఎవరు తిప్పల్ల?"

మరునాడు గిడ్డయ్య పంట వేరే కొట్టుకు పోయింది. ఓబులేసు లెక్క చూసుకున్నాడు. పోయింది ఒక రైతు సరుకు. చేతికొచ్చింది ఒక తువ్వాలు, అదీ తిరిగి ఇవ్వాల్సిందే. ఇంట్లో మిగిలింది రామసుబ్బమ్మ, ఉగాది దాకా, ఆ తర్వాత కూడా.