వదిన పెట్టని సంతకం

పటాలాయన జిగురు పూసిన గోధుమరంగు కాగితాన్ని పటం వెనక పరిచి, మధ్యలోంచి అంచుల వైపు అరచేత్తో గాలి తోసేస్తున్నాడు. కింద కొట్టు, పైన రెండు గదులు. కొట్టు గోడల నిండా ఎవరెవరివో ముఖాలు. కొన్ని కట్టించుకుని తీసుకెళ్ళడం మరిచిపోయినవి, కొన్ని తీసుకెళ్ళేవాళ్ళే లేనివి.

మనిషి సన్నం. బల్ల మీదికి వంగి వంగి నడుం అలాగే నిలిచిపోయింది. ఎడమచేతి బొటనగోరు ఎప్పుడో సుత్తి దెబ్బకు నల్లబడి మళ్ళీ తెల్లబడలేదు. చిన్న మేకులు పెదవుల మధ్య పట్టుకుని పనిచేస్తాడు కాబట్టి మాటలు తక్కువని వీధిలో చెప్పుకుంటారు. మేకులు లేనప్పుడూ అంతే.

తల్లి పోయాక చిన్నతనంలోనే అన్న పంచన చేరాడు. అప్పటికి వదిన కొత్తకోడలు, తనే ఇంకా చిన్నపిల్ల. ఏడుస్తున్న మరిదికి అన్నం కలిపి పెట్టింది. అన్న జ్వరంతో హఠాత్తుగా పోయినప్పుడు, ఇక ఈవిడ పుట్టింటికి పోతుందిలే అన్నారంతా. మర్నాడు ఆవిడ కిందికి దిగి, చీపురు తీసుకుని కొట్టు ఊడ్చింది. అంతే, ఉండిపోయింది. తర్వాత అతనికి సంబంధాలు వచ్చాయి, వచ్చినట్టే పోయాయి. ఎందుకు చేసుకోలేదంటే అతనికే తెలియదు. తెలుసేమో, చెప్పడానికి మేకులు అడ్డం.

అద్దెకుంటున్న ఆ ఇంటినే ఇద్దరి కష్టంతో కొనుక్కున్నారు. కాగితాల మీద మాత్రం అతని పేరే ఉంది. ఈమధ్య వైద్యుడు గుండె అలిసిపోయిందన్నాడు. ఆ కబురు విని అక్కా బావా చూడవచ్చారు. బావ మెట్లెక్కుతూ వేళ్ళ కణుపులతో గోడ తట్టి చూశాడు. “గట్టి గోడలోయ్!” అన్నాడు. వెళ్ళేటప్పుడు గొంతు తగ్గించి, “మీ వదిన గురించి బెంగపడకు. మా ఇంట్లో ఓ మూల పడుంటుంది. మీ అక్కకీ చేతిసాయం కావాలి,” అన్నాడు.

పడుంటుంది అన్న మాట చేతిలో దిగిన కర్రపేడులా లోపలే ఉండిపోయింది. అందుకే ఇవాళ ఉదయం పని మధ్యలో ఆపి, చేతులు కడుక్కుని, ఇద్దరిని పిలిచాడు. ఒకరు ఎదురుగా చెప్పుల కొట్టాయన. రెండోవారు, వీలునామా ఎలా రాసుకోవాలో చెప్పే పుస్తకం వెతికిపెట్టిన లైబ్రరీ ఆవిడ. ఆ పుస్తకం చూసే సొంత దస్తూరీతో, కొట్టివేతలు లేకుండా రాసుకున్నాడు.

లైబ్రరీ ఆవిడ పైకి చదివింది. “నా బుద్ధి సరిగ్గానే ఉంది. నన్నెవరూ బలవంతం చేయలేదు...”

“మొదటిదానికి నేను సాక్ష్యం చెప్పలేను,” అన్నాడు చెప్పుల కొట్టాయన. మళ్ళీ తనే, “అయినా సాక్షినంటే నీకంటే ముందు పోకూడదన్నమాట. మంచి మెలికే పెట్టావు,” అన్నాడు.

అప్పుడే వదిన టీ గ్లాసులతో దిగింది.

“ఏంటిది?”

“వీలునామా.”

గ్లాసులు బల్ల మీద పెట్టింది. “లాయరు లేకుండానా?”

“ఊళ్ళో ఉన్న ఇద్దరూ బావతో పేకాడేవాళ్ళే. పొద్దుగూకేలోపు అక్కకి తెలిసిపోతుంది.”

“సాక్షులు కావాలా? అయితే నేనూ పెడతాను. కలం ఇలా ఇవ్వు.”

“నువ్వొద్దు వదినా.”

“ఏం, నా సంతకం పనికిరాదా?”

“పనికిరాదు.”

ఆవిడ కలం కోసం చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. మెట్లెక్కి వెళ్ళిపోయింది. లైబ్రరీ ఆవిడ అతని వంక చూసింది. అతను కాగితం మీదికి వంగి, గోరుకు సిరా అంటేలా పట్టుకుని, నిదానంగా సంతకం చేశాడు. వాళ్ళిద్దరూ అతని కళ్ళముందే కింద సంతకాలు పెట్టారు. కాగితం తన దగ్గర భద్రంగా ఉంచుతానని లైబ్రరీ ఆవిడ పట్టుకెళ్ళింది.

మధ్యాహ్నం భోజనానికి పైకి వెళ్తే, కంచం కిందపెట్టిన చప్పుడు వీధిలోకి వినిపించింది.

“ఇన్నేళ్ళూ ఈ ఇంట్లో నేనెవర్ని చిన్నోడా?” అంది వదిన, అటు తిరిగే. “ఎదురింటి చెప్పులాయన అయినవాడయ్యాడు. నేను కానిదాన్నయ్యాను.”

అతను ముద్ద కలుపుతూ ఆగాడు. “ఆస్తి ఎవరికి రాస్తే వాళ్ళు సాక్షి సంతకం పెట్టకూడదట వదినా. పెడితే వాళ్ళకి దక్కదట.”

ఆవిడ గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. ఆ మాట అర్థమవడానికి కాస్త సేపు పట్టింది. అర్థమయ్యాక గరిటె ఎక్కడ పెట్టాలో తోచలేదు.

“ఆ ముక్క అక్కడే చెప్పొచ్చుగా?”

“చెబుదామనే అనుకున్నాను. గొంతుకడ్డం పడింది.”

“నీళ్ళు తాగు,” అంటూ గ్లాసు ముందుకు జరిపింది. కళ్ళు తుడుచుకుని, “నీకంటే పెద్దదాన్ని. ముందు పోయేది నేను. నాకు రాస్తావా? బుద్ధుందా నీకు?” అంది.

“ఉందని ఇద్దరు సంతకం పెట్టారు.”

ఆవిడ పొయ్యి వైపు తిరిగి నవ్వింది. భుజాలు కదలడం అతనికి కనిపించింది. అతను కడుపునిండా తిని, కిందికి దిగాడు.

ఎండ వాలే వేళ వదిన టీ తెచ్చేసరికి అతను స్టూలు మీద కూర్చుని, గోడకు తల ఆనించి ఉన్నాడు. చెవి మీద పెన్సిలు అలాగే ఉంది. పిలవబోయి ఆగింది. చెయ్యి పట్టుకుని చూసింది. కేక వెయ్యలేదు. ఇంకో స్టూలు లాక్కుని పక్కనే కూర్చుంది. టీ చల్లారేదాకా కూర్చుని, అప్పుడు లేచి ఎదురు కొట్టాయన్ని పిలిచింది.

అక్క వచ్చి గుండెలు బాదుకుని ఏడ్చింది. అది నిజమైన ఏడుపే. అంతా అయ్యాక లైబ్రరీ ఆవిడ కాగితం తెచ్చి ఇచ్చింది. బావ దాన్ని వెలుతురులోకి పట్టుకుని చదివాడు, తిప్పి చదివాడు, వదిన సంతకం ఎక్కడైనా ఉందేమోనని మూలమూలా వెతికాడు. లేదు. మడిచి వదిన చేతికిచ్చి, చెప్పులేసుకున్నాడు.

మర్నాడు వదిన కొట్టు తలుపులు తీసి ఊడ్చింది. బల్ల జోలికి మాత్రం పోలేదు. దాని మీద చివరి రోజు పటాలాయన కొలిచిపెట్టుకున్న గాజుపలక ఉంది. గాజు కోసే ములికితో గీసిన సన్నని తెల్లగీత ఈ అంచు నుంచి ఆ అంచుదాకా తిన్నగా సాగింది. రెండు చేతులా పట్టుకుని విరవడమొక్కటే మిగిలి, గాజు ఇంకా ఒక్కటిగానే ఉంది.