కాల్ రాని ఏరియా

నా ఏరియాలో ముప్పై ఒక్క ఏటీఎంలు ఉన్నాయి. పోయిన నెల మొత్తం కలిపి అవి పద్నాలుగు సార్లే చెడిపోయాయి. ఈ మాట నేను మీసం మెలేసి చెప్పుకోవాలి. కానీ ఆ పద్నాలుగే నా ఉద్యోగానికి ఎసరు పెట్టింది.

ఏటీఎంలు రిపేరు చేస్తానని చెబితే ఎవరైనా వేసే జోకు ఒకటే. "అయితే పొద్దస్తమానం నోట్ల కట్టల మధ్యేనన్నమాట!" ఇరవై రెండేళ్లుగా వింటున్నాను, నవ్వడం మానేసి పదేళ్లయింది. నోట్లు నింపేవాళ్లు వేరు, వాళ్ల వెంట తుపాకీ మనిషి వస్తాడు. నా వెంట వచ్చేది టూల్‌బ్యాగు, నడుం నొప్పి. ఈమధ్య ఇంకో జోకు తోడైంది. మా వీధి చివర టీ కొట్టువాడు నన్ను చూసినప్పుడల్లా, "అన్నా, ఇంకా ఆ డబ్బాలు ఉన్నాయా?" అంటాడు. ఉన్నాయిరా నాయనా. అవి ఉన్నన్నాళ్లే నేనూ ఉంటాను, నీ టీ కూడా తాగుతాను.

మా మేనేజరమ్మ నాకంటే పదిహేనేళ్లు చిన్నది. చెడ్డ మనిషి కాదు. చెడ్డ మనిషైతే తిట్టుకుని హాయిగా ఉండేవాడిని. ఆ రోజు నన్ను ఎదురుగా కూర్చోబెట్టి కంప్యూటర్ తెర నా వైపు తిప్పింది.

"సర్, జనం అన్నిటికీ ఫోన్లతోనే కట్టేస్తున్నారు. మీ ఏరియాలో తొమ్మిది మెషీన్లు, పక్క ఏరియాలో పదకొండు తీసేస్తున్నారు. మిగిలినవి కలిపి ఒకే ఏరియా. టెక్నీషియన్ కూడా ఒక్కరే."

"ఎవరు?" అన్నాను.

ఆవిడ తెర మీద వేలు పెట్టింది. నా పేరు పక్కన పద్నాలుగు. పక్క ఏరియావాడి పేరు పక్కన అరవై ఎనిమిది.

"ఇది చూస్తే మీకు పెద్దగా పని లేనట్టు కనిపిస్తుంది సర్."

నాకు ఒళ్లు మండింది. "పని లేకపోవడమేంటి మేడం? చెడిపోకుండా నేను చూసుకుంటున్నా కాబట్టే కాల్స్ రావట్లేదు."

"నాకు తెలుసు సర్. కానీ చూసుకుంటున్నట్టు ఎక్కడుంది?"

ఎక్కడా లేదు. మెషీను ఆగిపోతే మా ఫోనులోని యాప్‌లో గంట మోగుతుంది. దాన్నే కాల్ అంటాం. వెళ్లి బాగుచేసి ఫొటో తీసి పెడితే ఆ కాల్ మన ఖాతాలో పడుతుంది. కాల్ లేకుండా చేసిన పనికి ఆ యాప్‌లో చోటు లేదు. "చెడిపోకుండా ఆపాను" అని నొక్కడానికి ఒక్క గడి లేదు.

"పైవాళ్లు చూసేది ఈ అంకె ఒక్కటే," అంది ఆవిడ. "ఇంకా రెండు నెలల టైముంది. మీది కాస్త పెరిగితే నేను మాట్లాడగలను."

అసలు తప్పు నాకు పని నేర్పిన పెద్దాయనది. చేతులు వణికే వయసులో కూడా కళ్లు మూసుకుని చప్పుడును బట్టి రోగం చెప్పేవాడు. "కాల్ వచ్చిందంటే మనం ఓడిపోయినట్టేరా," అనేవాడు. ఆ మాట నాకు నెత్తికెక్కింది. ఇంటికి వెళ్లే దారిలో రోజుకు నాలుగైదు మెషీన్ల దగ్గర ఆగుతాను. పై మూత తీసి, కార్డును లోపలికి లాగే రబ్బరు చక్రాలు తుడుస్తాను. బెల్టు వదులైతే బిగిస్తాను. చెవి పెట్టి వింటాను. ఒక్కోదానికి నాలుగు నిమిషాలు. ఎవరూ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. మంచికి పోతే చెడు ఎదురవడం అంటే ఇదే కాబోలు.

ఇక ఆ అరవై ఎనిమిది కాల్స్ మొనగాడు ఎవరనుకున్నారు? మా బావమరిది. నా భార్యకు స్వయానా తమ్ముడు. ఈ ఉద్యోగంలో పెట్టించింది నేనే, పని నేర్పిందీ నేనే. నేర్చుకునే రోజుల్లో వాడు ఏ మెషీను ముట్టుకున్నా వారంలో మళ్లీ వెళ్లాల్సి వచ్చేది. అందుకని వాడికి "రెండోసారి" అని పేరు పెట్టాను. అది ఆఫీసంతా పాకి, ఇప్పుడు మేనేజరమ్మ కూడా నోరు జారి అలాగే పిలుస్తుంది. నేను ఎగతాళి చేసిన ఆ రెండోసారే ఇప్పుడు వాడికి అన్నం పెడుతోంది.

వాడు సాయంత్రం ఇంటికొచ్చాడు. ఏడాదిన్నర కూతురు చంకలో ఉంది. నా భార్య ముందు గదిలో కుట్టుమిషను మీద బడి యూనిఫారాలు కుడుతోంది. సంగతి ఇద్దరికీ చెప్పేశాను. మిషను ఆగింది.

"ఒకడి నోట్లో ముద్ద తీసి ఇంకొకడి నోట్లో పెట్టడమా?" అంది ఆవిడ. "మీ ఆఫీసుకి మా ఇల్లే దొరికిందా?"

"అక్కా, నేను మానేస్తానే. బావ ఉండనీ," అన్నాడు వాడు.

"నోరు మూసుకో," అన్నాను. "మానేసి ఏం చేస్తావు? దాని పాలడబ్బా ఎవడు కొంటాడు?"

"నీకు నలభై ఎనిమిది బావా. నాకైతే ఇంకెక్కడో దొరుకుతుంది."

వాడు నిజమే చెప్పాడు, అందుకే కోపమొచ్చింది. ఆ మధ్యాహ్నమే కాఫీ మెషీన్లు బాగుచేసే కంపెనీకి ఫోన్ చేశాను. వయసు అడిగారు, చెప్పాను, మళ్లీ చేస్తామన్నారు. ఆ "మళ్లీ" ఎప్పుడొస్తుందో తెలియనంత పసివాడిని కాను.

నా భార్య దారం కొరికి నా వైపు తిరిగింది. "ఇన్నేళ్లూ చాకిరీ చేసి నోరు కుట్టేసుకుని కూర్చున్నారు. అడగందే అమ్మైనా పెట్టదు. కంపెనీ పెడుతుందా?"

"ఒక్క మాట చెప్తాను, తిట్టకు బావా," అన్నాడు బావమరిది. "సాయంత్రాలు ఆగడం మానెయ్. తిన్నగా ఇంటికొచ్చెయ్. వాటి మానాన వాటిని వదిలేస్తే అవే పిలుస్తాయి. ఇద్దరి అంకెలూ పక్కపక్కన వస్తే ఆ మేడమే ఏదో దారి చూస్తుంది. ఇద్దర్నీ ఉంచినా ఉంచొచ్చు."

అది మోసం కాదు. ఏదీ విరగ్గొట్టక్కర్లేదు, ఊరికే ఉంటే చాలు. ఊరికే ఉండటం ఇంత కష్టమని నాకప్పటిదాకా తెలియదు.

మొదటి వారం దారి మార్చుకుని ఇంటికొచ్చాను. మెషీన్ల ముందు నుంచి వెళ్తే ఆగిపోతానని భయం. ఐదున్నరకే ఇంట్లో ఉంటే ఏం చేయాలో తోచక ఆవిడ కుట్టుమిషనుకు నూనె వేశాను. "దాన్ని వదిలేయండి బాబూ, బాగానే ఉంది," అని కసిరింది. మూడో వారానికి కాల్స్ మొదలయ్యాయి. నెల తిరిగేసరికి ముప్పై ఏడు. మేనేజరమ్మ ఫోన్ చేసి, "ఇప్పుడు బాగుంది సర్, మీరు కనిపిస్తున్నారు," అంది. ఇరవై రెండేళ్లలో నా పనికి దొరికిన మొదటి మెప్పు అదే, అదీ నేను పని మానేసిన నెలలో.

ఆస్పత్రి ఆవరణలో ఉన్న మెషీను సంగతి మాత్రం నాకు ముందే తెలుసు. ఒక సోమవారం అవసరమొచ్చి నేనే అక్కడ డబ్బు తీసుకున్నాను. కార్డు లోపలికి వెళ్లేటప్పుడు సన్నగా కీచుమంది. చక్రానికి జిడ్డు పట్టింది, పది రోజుల్లో కార్డు ఇరుక్కుంటుంది అనుకున్నాను. తాళంచెవి జేబులోనే ఉంది. గుడ్డ కూడా ఉంది. ఒక కాల్ వస్తుంది కదా అని చేతులు జేబులో పెట్టుకుని వచ్చేశాను.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఆ కాల్ వచ్చింది. ఊరి అవతలి కొసలో ఇంకో మెషీను దగ్గర ఉన్నాను. అది ముగించుకుని వెళ్లేసరికి గంటా ఇరవై నిమిషాలు పట్టింది.

మెషీను ముందు ముప్పై ఏళ్లామె నిలబడి ఉంది. కార్డు సగం లోపల, సగం బయట. ఎవరైనా లాక్కుంటారేమోనని దాని మీద అరచెయ్యి అడ్డంపెట్టి, అంతసేపూ అక్కడే ఉండిపోయిందట. బయట మెట్ల పక్కన చక్రాల కుర్చీలో వాళ్ల నాన్న ఉన్నాడు. కడుపుకు కట్టు, ఒళ్లో మందుల సంచి. ఎండ జరిగి జరిగి ఆయన మోకాళ్ల మీదికి వచ్చేసింది. డిశ్చార్జి అయ్యాక ఇంటికి తీసుకెళ్లడానికి మాట్లాడుకున్న బండివాడు చేతిలో డబ్బు పెడితేనే కదులుతానన్నాడట. ముప్పావుగంట చూసి వెళ్లిపోయాడట.

"నాన్నని నీడలోకి జరుపుదామంటే ఇక్కడ చెయ్యి తియ్యలేకపోయానన్నా," అంది ఆమె.

ముందు ఆయన కుర్చీని నీడలోకి తోశాను. తర్వాత మూత తీశాను. అదే చక్రం, అదే జిడ్డు. ఏడు నిమిషాల్లో కార్డు ఆమె చేతిలో పెట్టాను. ఆమె డబ్బు తీసుకుని కళ్లు తుడుచుకుంది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"ఇంత ఎండలో పరిగెత్తుకొచ్చారు. మీ మేలు మరిచిపోను," అంది.

పెద్దాయన కుర్చీలోంచి, "అది పాడవడం ముందుగా తెలిసే వీలుండదా బాబూ?" అని అడిగాడు. ఊరికే, పొద్దుపోక అడిగాడు.

"ఉండదండీ," అన్నాను.

బండి మాట్లాడి వాళ్లను ఎక్కించాను. ఫోనులో ఫొటో పెట్టగానే కాల్ పూర్తయినట్టు పచ్చ గుర్తు పడింది. ఆ రెండో నెలలో నలభయ్యోది. నాకు సిగ్గేసింది. దొంగతనం చేసి పట్టుబడనివాడికి ఉండే సిగ్గు. ఆ మెట్ల మీదే చాలాసేపు కూర్చున్నాను.

ఆ సాయంత్రం నా పాత దారినే ఇంటికొచ్చాను. ఐదు మెషీన్ల దగ్గర ఆగాను. మర్నాడు ఆరు. కాల్స్ నలభై మూడు దగ్గర ఆగిపోయాయి.

గడువు రోజున మేనేజరమ్మ తెర వైపు, నా వైపు మార్చి మార్చి చూసింది. "బాగా పెరుగుతున్నాయి కదా, మళ్లీ ఎందుకు ఆగిపోయాయి సర్?"

ఉన్నదున్నట్టు చెప్పాను. కీచుమన్న చప్పుడు, ఎండ, ఆ పెద్దాయనకు నేను చెప్పిన అబద్ధం, అన్నీ. ఆవిడ అంతా విని, "ఇదంతా ఎక్కడ రాయను?" అంది. ఎగతాళి కాదు, నిజంగానే అడిగింది. ఆ సాయంత్రానికి ఉత్తరం వచ్చింది. ఒక నెల గడువు, ఏరియా బావమరిదికి అప్పగింత.

నా భార్య ఉత్తరం రెండుసార్లు చదివింది. "తిక్కమనిషి," అంది. కళ్లనిండా నీళ్లు. కంచంలో అన్నం పెట్టి, నేను తిన్నంతసేపూ ఎదురుగా కూర్చుంది.

అప్పగింత మూడు రోజులు పట్టింది. బావమరిదిని వెంటబెట్టుకుని, మిగిలిన ఇరవై రెండు మెషీన్లూ తిప్పాను. బస్టాండుదానిది అద్దాల గది, దుమ్ము చేరదు, రెండు వారాలకోసారి చాలు. చేపల మార్కెట్‌దానికి తేమ, తలుపు రబ్బరు చూసుకోవాలి. కాలేజీదాని మీద పిల్లలు కూల్‌డ్రింకులు పెడతారు. వాడు ఫోనులో బుద్ధిగా రాసుకున్నాడు. "బావా, ఇవన్నీ నీ బుర్రలోనే ఉన్నాయా?" అని ఒకటికి రెండుసార్లు అన్నాడు.

చివరిది ఆస్పత్రిది. మూత తీసి చక్రం చూపించాను. "దీన్ని వారానికోసారి తుడవాలి. నాలుగు నిమిషాల పని."

వాడు రాసుకోవడం ఆపేశాడు.

"బావా."

"ఊఁ."

"ఇవన్నీ నువ్వు చెప్పినట్టు చేస్తే కాల్స్ రావు కదా."

"రావు."

"కాల్స్ రాకపోతే, వచ్చే ఏడు నా పేరు పక్కన కూడా..." అని ఆపేశాడు. చంకలో కూతురు లేకపోయినా వాడి చెయ్యి పిల్లను ఎత్తుకున్నట్టే వంగి ఉంది.

కాల్ వచ్చిందంటే మనం ఓడిపోయినట్టేరా అన్న మాట నా నోటిదాకా వచ్చింది. ఇరవై రెండేళ్లు నన్ను నడిపించిన మాట. దాన్ని మింగేశాను.

"ఈ ఒక్కదాన్నీ చూసుకో," అన్నాను. "మిగతావి చెడిపోనివ్వు."

నా గుడ్డ వాడికిచ్చాను. వాడు తల వంచుకుని చక్రం తుడవడం మొదలుపెట్టాడు. మొదటిసారికే శుభ్రంగా తుడిచాడు.