ఇరవై ఒక్క సెకన్లు

నేను ఒక ఫిల్ము ముక్కని. పొడవు ముప్ఫై రెండడుగులు. తెర మీద ఆడితే ఇరవై ఒక్క సెకన్లు. ఆడలేదు. నా తోడబుట్టిన పద్నాలుగు రీళ్లూ ఊరూరా తిరిగి ఈలలు వేయించుకుంటుంటే, నేను మాత్రం మద్రాసులో కోదండంగారి ఎడిటింగ్ గదిలో ఓ మూల వేలాడుతూ ఉండిపోయాను.

నాలో ఉన్నది నూకరత్నం. కాకినాడ నాటకాల నుంచి వచ్చిన మనిషి. పదేళ్లు గుంపులో బిందె పట్టుకుని నడిచాక ఆమెకు దక్కిన మొదటి వేషం అది. తాగొచ్చిన మొగుడు మూడు లెంపకాయలు కొడతాడు. నాలుగోసారి చెయ్యెత్తేసరికి ఆమె వాడి చెంప ఛెళ్లుమనిపిస్తుంది. ఒకే టేకులో ఓకే అయింది, సెట్లో అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె నిజంగానే ఏడ్చిందని ఎవరూ కనిపెట్టలేదు. ఆ కన్నీళ్లు నాలో ఉన్నాయి కాబట్టి నాకు తెలుసు.

సర్టిఫికెట్టిచ్చే కమిటీ పెద్దలు మొగుడి మూడు దెబ్బలూ ఉండనిచ్చి, ఆమె కొట్టిన ఒక్కటీ తీసెయ్యమన్నారు. "భర్తపై చేయి చేసుకొనుట కుటుంబ మర్యాదకు భంగకరం" అని కాగితం వచ్చింది. ఆ వారమే, అదే బల్ల మీద కూర్చిన మరో సినిమాలో హీరో పొగరుబోతు హీరోయిన్ను నాలుగు పీకి దారికి తెస్తాడు. దానికేమో పిల్లాపాపలతో సహా చూడొచ్చని ముద్ర పడింది. ఈ మనుషుల తీరు నాకు అంతుపట్టదు బాబూ! దెబ్బ ఎంత గట్టిదని కాదు, ఏ చేతిదని చూస్తారు కాబోలు.

పాపం, ఈ సంగతి నూకరత్నానికి చెప్పినవాళ్లు లేరు. మొదటి రోజు మ్యాట్నీకి మొగుడు గవరయ్యను పట్టుబట్టి మరీ తీసుకెళ్లింది. మర్నాడు ఎడిటింగ్ గదికి వచ్చింది.

"నేను కొట్టింది ఏదండీ కోదండంగారూ?"

ఆయన కాగితం చదివి వినిపించారు.

"నన్ను కొడతంటే హాల్లో నవ్వారండీ. మా ఆయనైతే, 'ఇంట్లో రోజూ చూత్తన్నదేగా, దీనికి టిక్కెట్టొకటా' అన్నాడు. నేను తిరగబడితే ఎట్టా ఉంటదో ఆయన ఒక్కసారి చూడాలనుకున్నానండీ. అంతే."

కోదండంగారు నన్ను చుట్టచుట్టి ఆమె చేతిలో పెట్టారు.

ఆమె నన్ను ట్రంకుపెట్టెలో చీరల కింద దాచింది. ఎవరికీ చూపలేదు. గవరయ్య కొట్టిన రోజున మాత్రం తలుపేసుకుని, నన్ను కిటికీ వెలుతురుకి పట్టి చూసుకునేది. తిరిగి ఒక్క మాటైనా అనలేదే, నాలో ఉన్న ఆ చెయ్యి ఆమెదే కదా అని నాకు దుఃఖం వచ్చేది. అలా పందొమ్మిదేళ్లు. నా రంగులన్నీ వెలిసి ఎరుపొక్కటే మిగిలింది. ఆమె కూడా పోయింది.

పదకొండో రోజున కూతురు వరహాలు పెట్టె సర్దుతూ నన్ను పైకి తీసింది. బొమ్మల్లో తల్లిని గుర్తుపట్టి, పరుగున తండ్రి దగ్గరికి తెచ్చింది.

"నాన్నా, అమ్మ! ఎవర్నో కొడతంది చూడు. ఎవర్ని?"

గవరయ్య కళ్లద్దాలు పెట్టుకుని, నన్ను వాకిట ఎండకు ఎత్తాడు. ఒక్కో బొమ్మే జరుపుతూ చివరిదాకా చూశాడు.

"నన్నేనమ్మా," అన్నాడు.