ముందు పేజీ లేని పుస్తకం

ఉప్పు డబ్బాకి ఆనించి నిలబెట్టిన పుస్తకంలోంచి కీర్తన చదువుకుంటూ పప్పులో గరిటె తిప్పుతోంది సిస్టర్ ఫిలోమిన. గరిటె తిరుగుతుంటే పెదవులూ తిరుగుతున్నాయి. పొట్టి మనిషి, నడుం కాస్త వంగింది. వేళ్ల చివర్లు పసుపుతో ఎంత పండిపోయాయంటే, పేజీల మూలలన్నీ కూడా ఆ రంగులోకే దిగిపోయాయి. టాటానగర్ బారిడీహ్‌లోని ఈ మఠంలో ఆరుగురు కన్యాస్త్రీలకు నలభయ్యొక్క ఏళ్లుగా ఆవిడే వంట.

పొద్దున్న ఐదున్నరకే గుడిలో అందరితోపాటు ఇదే ప్రార్థన హిందీలో అయిపోయింది. ఇది రెండో విడత, తెలుగులో. పొద్దున్న వంటింట్లో, సాయంత్రం అందరూ లేచాక గుడిలోనే కూర్చుని, రోజూ ఇదే తంతు. చాదస్తమా అంటే చాదస్తమే, కాదనను. కానీ ఉత్తి చాదస్తం కాదు.

పాలకొండ దగ్గర పుట్టి, రాంచీలో మాటపట్టు, అంటే సన్యాసినిగా దేవుడికిచ్చే మాట, తీసుకుని ఇరవయ్యేడేళ్ల వయసులో ఇక్కడికొచ్చింది. అప్పుడు ఈ మఠంలో ఉన్న ఒకే ఒక్క తెలుగు సిస్టరు చనిపోతూ తన ప్రార్థన పుస్తకం ఆవిడ చేతిలో పెట్టింది. అప్పటికే ముందు పేజీలు చెదలు తినేశాయి. మేత్రాణుల, అంటే బిషప్పుగారి, ఆమోదం అచ్చువేసేది ఆ పేజీల్లోనే. మఠం నియమమేమో, శ్రీసభ, అదే చర్చి, ఆమోదించిన పుస్తకంలోంచి చెబితేనే మాటపట్టు నిలబెట్టుకున్నట్టు అంటుంది. దీనికి ఆమోదం ఉందా అని ఎవర్నయినా ఒక్క ముక్క అడిగితే సరిపోయేది. అడగలేదు. లేదని తేలితే పుస్తకం లాగేసుకుంటారని భయం. అందుకే మాట తప్పకుండా హిందీలో ఒకసారి, మనసు నిండడానికి తెలుగులో ఒకసారి. హిందీ అక్షరాలు కూడబలుక్కునేలోపు మిగతావాళ్లు తర్వాతి పాదానికి వెళ్లిపోయేవారు. తెలుగులో అయితే దేవుడు ఎదురుగా పీట వేసుకు కూర్చున్నట్టే ఉండేది.

పోయిన వారం డాక్టరు గుండె బాగా బలహీనపడిందన్నాడు. మఠం పెద్ద మదర్ అగ్నేస్ వయసులో చిన్నదే అయినా మాట కచ్చితం. ఇకమీదట ఒక్క పుస్తకమే, ఏదో మీరే ఎంచుకోండి అని హిందీలో చెప్పేసింది. అప్పుడు బయటపడింది ఈ సంగతంతా. మదర్ నవ్వలేదు. గేటు దగ్గరి పోలరాజు చేత పుస్తకాన్ని ఫొటో తీయించి విశాఖ మఠానికి పంపించింది. వారమైనా జవాబు లేదు. ఈ సాయంత్రంలోగా తేల్చాలి.

తేల్చుకుంది పాపం. మధ్యాహ్నం గిన్నెలు కడిగాక తెలుగు పుస్తకాన్ని పాత తువ్వాల్లో చుట్టి, పసిబిడ్డని పడుకోబెట్టినట్టు ట్రంకుపెట్టెలో పెట్టింది. మాట ఇచ్చింది కదా, తప్పదు. మూత మాత్రం వెయ్యలేకపోయింది.

నాలుగింటికి వానలో తడుస్తూ పోలరాజు వంటగది గుమ్మంలోకి వచ్చాడు. టాటానగర్ రైల్వేలో రిటైరై ఆరేళ్లుగా ఇక్కడ కాపలా. ఆవిడ చెవిన తెలుగు పడేదంటే అతని నోటినుంచే. ఆవిడ అల్లం టీ ఇస్తుంది, అతను ఊరి కబుర్లు చెబుతాడు. ఇవాళ చొక్కాలోంచి ఒక జిరాక్సు కాగితం తీశాడు.

"వైజాగు నుంచి వచ్చీసినాదమ్మా. ఆళ్ల కాడ ముందు పేజీ ఉన్న పుస్తకం దొరికిందట."

కళ్లద్దాలకి ఆవిరి పట్టిందని అతన్నే చదవమంది. పైడితల్లికి మొక్కుకునే పోలరాజు ఆగి ఆగి చదివాడు. మఠవాసుల నిత్య ప్రార్థనకి మేత్రాణులు ఈ పుస్తకాన్ని ఆమోదించారు. కింద తారీఖు ఆవిడ ఈ ఊరికి రావడానికి మూడేళ్ల ముందుది.

ఆవిడ పీటమీద కూలబడింది.

"అయితే మొదట్నించీ మంచిదేనేటి?"

"మొదట్నించీనమ్మా."

నవ్వడం మొదలుపెట్టి కళ్లు తుడుచుకుంది. "నలబై యేళ్లు ఊరికే రెండుపాలి సెప్పినాను, సూడు."

"ఊరికే ఎందుకవుతాది? ఎక్కువ సెప్పినయి మాకిచ్చీ."

"ఎప్పుడో ఇచ్చీసినాను. నీ మోకాలి నొప్పికే ఒక ఏడాదివి పోయినాయి."

పోలరాజు మోకాలు ఓసారి తడుముకున్నాడు. టీ తాగేసి వెళ్లిపోయాడు. ఆవిడ పుస్తకం బయటికి తీసి, నాలుగు అన్నం మెతుకులు నలిపి, ఆ కాగితాన్ని ముందు పేజీగా అంటించింది. వాన పూట, ఆరదని తెలుసు. అయినా ఆగలేకపోయింది.

ఆరింటికి మదర్ చేతికి హిందీ పుస్తకం ఇచ్చేసి, వెనక బెంచీలో తెలుగు పుస్తకం తెరిచింది. అందరూ హిందీలో, ఆవిడ ఒక్కతీ వాళ్ల గొంతుల్లో గొంతు కలిపి తెలుగులో. ప్రార్థన అయ్యాక అందరూ భోజనాలకి లేచారు. ఆవిడ తల వంచుకుని అలాగే కూర్చుంది. రోజూ కూర్చునేదే, రెండో విడత చెప్పుకుంటోందనుకుని ఎవరూ కదపలేదు. మదర్ కూడా అలవాటు చొప్పున చప్పుడు చెయ్యకుండా దాటి వెళ్లింది.

ఏడింటికి కిటికీలు వెయ్యడానికి వచ్చాడు పోలరాజు. ఇక రెండోసారి అక్కర్లేదు కదా, ఈవిడ ఇంకా కూర్చుందేమిటి అనుకున్నాడు. అమ్మా అని పిలిచాడు. దగ్గరికెళ్లి మళ్లీ పిలిచాడు. చెయ్యి ముట్టుకుని, నేలమీద కూర్చుని, సొంత అక్క పోయినట్టు ఏడ్చాడు.

ఆవిడ ఒళ్లో పుస్తకం తెరిచే ఉంది. ముందు పేజీ అంచున అన్నం మెతుకు ఇంకా తడిగానే ఉంది.