కిటికీలోని పసుపు చామంతి

అక్క చూపు వచ్చే చలికాలం దాటదని కంటి డాక్టరు ఎండాకాలంలోనే చెప్పేశాడు. ఇంటికొచ్చాక ఆమె ఏడవలేదు. పసుపు చామంతి కొమ్మ ఒకటి కుండీలో గుచ్చి, తన మంచం పక్క కిటికీలో పెట్టించుకుంది. తెలుపు ఆమెకు అప్పటికే పొగలా కనిపిస్తోంది. పసుపు ఒక్కటే ఇంకా పసుపుగా మిగిలింది.

"ఇది పూసేదాకా ఆగితే చాలురా," అంది తమ్ముడితో. ఆగవలసింది చూపు.

తమ్ముడు దర్జీ. ముందుగదిలో మిషను, వెనకగదిలో అక్క. పెళ్లి మాటెత్తితే, "మా అక్క పోరు చాలదా?" అని తప్పించుకునే మనిషి.

చలి మొదలైంది. వీధిలో గోడగోడకీ చామంతులు విరగబూశాయి. పక్కింటి పిన్నిగారి తెల్ల చామంతికి ఆకు కనబడటం లేదు. కిటికీలోది మాత్రం ఏపుగా పెరిగిందే తప్ప మొగ్గ వేయలేదు.

"నీళ్లకు బదులు టీ పోస్తున్నావేంట్రా అబ్బాయ్?" అంది పిన్నిగారు. "నిద్రలేని మొహంలా ఉంది మీ చెట్టు!"

అక్క పకపకా నవ్వింది. తమ్ముడికి నవ్వు రాలేదు.

"పోనీ, బజార్లో పువ్వులు తెస్తాలే అక్కా."

"కొన్నవి నాకెందుకురా? నేను నాటింది చూడాలి."

ఎరువు వేశాడు. మట్టి మార్చాడు. ఒక ఉదయం నీళ్లు పోస్తూ తెర పక్కకు లాగితే, దాని చాటున పడిన కొమ్మకు మిరియాల్లాంటి మొగ్గలు కనిపించాయి. ఆ ఒక్క కొమ్మకే. అతను కొమ్మను చూశాడు, తెరను చూశాడు, తలెత్తి మంచం మీది బల్బును చూశాడు.

చీకట్లో మెలకువ వస్తే కళ్లు పోయాయేమోనని గుండె జారిపోతుందని అక్క అన్న రోజునే, పాత బల్బు తీసి పెద్దది పెట్టాడు. అప్పటినుంచి అది రాత్రుళ్లు ఆరలేదు. చామంతి పొడుగు రాత్రుల చీకటిలోనే మొగ్గ కడుతుంది. దానికి అతను రాత్రే లేకుండా చేశాడు.

అక్కకు చెప్పలేదు. చెబితే లైటు ఆర్పమంటుంది, ఆర్పి తను భయపడుతూ పడుకుంటుంది. పొద్దుగూకగానే కుండీని సామాన్ల గదిలోకి మోయడం మొదలుపెట్టాడు.

"ఎక్కడికిరా దాన్ని?"

"చలికి ముడుచుకుపోతుందని."

"చలికాలం పువ్వుకు చలేంట్రా, వెర్రివాడా!"

మొగ్గలు ఉబ్బాయి. అక్క రోజూ ముఖం ఆనించి చూసేది. "రంగు తిరిగిందా?"

"ఇదిగో, తిరుగుతోంది."

తిరగలేదు. ఆకుపచ్చగానే ఉన్నాయి. వాటిని వేళ్లతో విప్పాలనిపించి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఒక ఉదయం మిషను తొక్కుతుంటే లోపల్నించి పిలిచింది.

"లైటు వెయ్యరా."

లైటు వెలుగుతూనే ఉంది.

పువ్వు ఆ తరవాత విచ్చింది. కుండీ తెచ్చి అక్క ఒళ్లో పెట్టాడు. ఆమె రేకుల మీద వేలు తిప్పింది. అంచులు తడిమింది.

"ఏ పసుపురా?"

ఏ గుడ్డకు ఏ దారం కలుస్తుందో ఇన్నేళ్లూ చూసి ఇచ్చింది అక్కే. అతనికి కుట్టడం తెలుసు, అంతే. వంగి దగ్గరగా చూశాడు.

"పసుపే అక్కా."

"అదేరా. ఏ పసుపు?"

అతను చూస్తూనే ఉన్నాడు.