శౌరయ్య దాచిన ఆఖరి కాగితాలు

గన్నవరం దాటాక కాలువ గట్టున, మూతపడ్డ బియ్యం మిల్లు వరండాలో ఉండేది శౌరయ్య పాతపుస్తకాల కొట్టు. ఆయన దృష్టిలో ఈ జిల్లాలో చదివేవాడంటూ ఒక్కడూ లేడు. బెజవాడ వాళ్లు బీరువా నింపుకోవడానికి కొంటారు, పల్లెటూరి వాళ్లు బస్సులో విసురుకోవడానికి కొంటారు. అందుకే ఏ నవల అమ్మినా ఆఖరి కాగితం బ్లేడుతో కోసి రేకుపెట్టెలో దాచేవాడు. చదివొచ్చి కథ చెబితేనే ఆ కాగితం ఇచ్చేవాడు. చదువుపిచ్చి ఉన్నవాళ్లు తిట్టుకుంటూనే ఏలూరు నుంచి కూడా వచ్చేవారు. రానివాళ్ల కాగితాలతో పెట్టె నిండిపోయింది. మూత తీసి, "చూశారా మనవాళ్ల చదువు!" అని ఈసడించుకోవడం ఆయనకు అదో సుఖం.

దివిసీమ ఉప్పెనకు ముందేడు, ఎండల్లో, పంతులమ్మ సీతారావమ్మ విసురుగా వచ్చింది. కిందటివారమే కథంతా చెప్పి కాగితం పట్టుకెళ్లిన మనిషి.

"ఇది నా నవల ముగింపు కాదండీ. ఇందులో ఎవరో కాశీరావు పడవెక్కి పోయాడు. నా దాంట్లో కాశీరావూ లేడు, పడవా లేదు. తప్పిపోయిన ఆ పిల్ల ఇల్లు చేరిందో లేదో తెలీక నాకు ముద్ద దిగట్లేదు."

శౌరయ్య పెదవి విరిచాడు. "పేజీ నంబరు సరిపోయింది కదండీ. మధ్యలో నాలుగు పేజీలు ఎగరగొట్టుంటారు. అందరూ చేసే పనే."

"అయితే అసలు కథేంటో మీరే చెప్పండి."

గురివింద గింజకు తన కింద నలుపు తెలియదంటారు. శౌరయ్య పూర్తిగా ఓ పుస్తకం చదివి ఏళ్లయింది. మూటలు కొనడం, కాగితం కోయడం, ఆ ఒక్క కాగితం చదువుకోవడం, అంతే. కిందటివారం ఆవిడ కథ చెబుతుంటే కూడా ఊరికే బుర్ర ఊపాడు. బెంచీ మీద చదువుకుంటున్న ఇద్దరు తలెత్తి చూశారు. సిగ్గుతో ఆయన చెవులు కాలిపోయాయి.

పెట్టె కుమ్మరిస్తే అదే నంబరు కాగితాలు గుప్పెడు తేలాయి.

"వీటిలో ఏదో ఒకటి మీదేనండీ, చూసుకోండి."

"భలేవారే! ఇన్ని నవలల ముగింపులు ముందే చదివేస్తే ఇక నేను కొనుక్కునేదేంటి?" ఆవిడ తన నవల తీసి ఆయన ముందు పెట్టింది. "మీరే చదివి వెతకండి. శనివారం వస్తా. ముందు నాకు కథ చెప్పాలి."

శౌరయ్య కళ్లజోడు తుడుచుకుని మొదటి పేజీ తీశాడు.

మెట్లు దిగుతూ ఆవిడ వెనక్కి తిరిగింది. "మధ్యలో పేజీలు ఎగరగొట్టకండి. తెలిసిపోద్ది."