హెడ్డింగు చదివిన వాడ

తట్టు టీకాల పెట్టె పట్టుకుని రొవేనా గుమ్మం నేను ఎక్కడం అది మూడోసారి. పై వీధిలో ఇద్దరు పిల్లలకి అప్పటికే తట్టు వచ్చింది. రొవేనా కూతురికి తొమ్మిది నెలలు, ఇంకా సూది పడలేదు. ఈ వాడకి నర్సుని నేను. నాకు ఒళ్లు మండిపోతోంది.

"వద్దక్కా. టీకా వేయిస్తే ఇరవైమంది పిల్లలు పోయారట. ఫెలిసిదాద్ అక్క పోస్టు పెట్టింది."

"ఆవిడేమన్నా డాక్టరా? రొయ్యలు ఎండబెట్టుకునే మనిషి!"

"పాపకి జ్ఞానతల్లి. బాప్తిస్మంలో చేతుల్లో ఎత్తుకున్న మనిషి అబద్ధం చెబుతుందా?"

మా ఇలోయిలో ఊరి రేవులో ఇంతే. వార్త ఎక్కడిదని ఎవరూ అడగరు, ఎవరు పంపారని అడుగుతారు. జ్ఞానతల్లి మాట కాదంటే బంధుత్వం తెంచుకున్నట్టే.

విసవిసా ఫెలిసిదాద్ ఇంటికి పోయాను. పెరట్లో రొయ్యలు తిరగేస్తోంది.

"ఆ వార్త లోపల ఏముందో చదివావా?"

"ఎలా చదవనే? రీచార్జి లేదు. ఫ్రీగా వచ్చే నెట్‌లో హెడ్డింగు వరకే కనిపిస్తుంది."

"మరి వాడంతటికీ ఎందుకు పంపావ్?"

"పసిపిల్లల విషయం కదా! నిజమైతేనో? చెప్పకపోతే ఆ పాపం నాకు చుట్టుకోదూ?"

నా ఫోన్లో తెరిచి ఆవిడ ముక్కు ముందు పెట్టాను. రెండో వాక్యంలోనే ఉంది, ఇదంతా పుకారు, ఏ పిల్లా చనిపోలేదని. ఫెలిసిదాద్ మొహం పాలిపోయింది.

"రా, రొవేనాకి ఆ మాట చెప్పు."

"వాడంతా నవ్వుతారే. మొహం ఎక్కడ పెట్టుకోను?"

"నీ మొహం కోసం పసిదాన్ని చంపుతావా?" చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను.

తల వంచుకుని చెప్పింది పాపం. రొవేనా నా వైపు తిరిగింది.

"ఈవిడ చదవలేదు, సరే. మరి నువ్వు?"

ఫోన్ చూపించింది. ఆ పోస్టు కింద మొట్టమొదటి గుండె బొమ్మ నాదే.

"నర్సువి, నువ్వే గుండె పెట్టావ్. అందుకే నమ్మాను."

పొద్దున్నే జీప్నీ బస్సులో కూర్చుని అందరి పోస్టులకీ గుండెలు నొక్కుతూ పోతాను. ఒకరిది వదిలేస్తే అలుగుతారు. చదవడానికి నాకు డేటా కూడా ఉంది. ఛీ, నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపించింది.

"తప్పయిపోయింది రొవేనా."

"నాకు కాదు. నిన్ను చూసి నమ్మిన వాళ్లందరికీ చెప్పు. తర్వాతే సూది."

వీధి మధ్యకి నడిచాను. ఫెలిసిదాద్ వచ్చి పక్కన నిలబడింది.

"ఆ వార్త అబద్ధం!" అని అరిచాను. "నేనూ చదవలేదు! చదవకుండానే గుండె పెట్టాను!"

కిటికీలు తెరుచుకున్నాయి. ఎవరో పకపకా నవ్వారు. నవ్వనీ. ఇంకా గట్టిగా అరిచాను.

వెనక్కి తిరిగేసరికి రొవేనా పాప చొక్కా చెయ్యి పైకి మడుస్తోంది.